సముద్రానికి రూలేటన్నా?

సైట్‌లో వంద మంది ముందు టూల్ బాక్స్ మీటింగ్ పెట్టమంటే నాకు భయం లేదు గాని, మైక్ ముందు కూర్చుంటే సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అందుకే అక్కడ వదిలేసిన సంగతులన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. డ్యూటీ బస్సులో కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

నేను ఉండేది అల్ తుమామాలో. వరల్డ్ కప్ కోసం కట్టిన తెల్లటి గుండ్రటి స్టేడియం ఉంది కదా, అరబ్బులు తలకు పెట్టుకునే గహ్‌ఫియా టోపీ ఆకారంలో, అదే ఏరియా. అక్కడి నుంచి సముద్రం కనపడదు. కాని కారులో కాసేపు దక్షిణంగా పోతే అల్ వక్రా వస్తుంది. ఒకప్పుడు ముత్యాల పడవలు, చేపల పడవలు నిలబడ్డ ఊరు. శుక్రవారం వచ్చిందంటే మనోళ్ళు చాలామంది ఆ ఒడ్డుకే పోతారు. నాది జగిత్యాల వైపు పల్లె. మాకు నీళ్ళంటే చెరువు, లేదంటే ఎస్సారెస్పీ కాలువ. సముద్రం గురించి నాకు తెలిసింది తక్కువ. నాకు ఆ చదువు మొదలుపెట్టించింది మా గ్యాంగ్‌లో ఉన్న శ్రీకాకుళం తమ్ముడు.

ఒక గురువారం సాయంత్రం స్టీల్ యార్డ్‌లో లెక్క చూస్తుంటే ఒక సరియా ముక్క కనపడింది. పది ఎంఎం రాడ్, నాలుగు అడుగుల పొడవు. కొసకు గ్రైండర్ పట్టి సూదిలా చెక్కారు. పక్కన చిన్న ముల్లు వెల్డింగ్ పెట్టారు. వెనక సైకిల్ ట్యూబ్ రబ్బరు కట్టారు. ఎవరిదని అడిగితే ఈ తమ్ముడు నవ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"సేపల కోసం అన్నా. రేపు వక్రా పోతన్నాం."

"గిది పట్టుకొని సముద్రంల దిగుతవా? రూల్స్ ఉంటయ్ తమ్మీ, పట్టుకుంటే సీదా ఇంటికే."

"సముద్రానికి రూలేటన్నా? ఆళ్ళేమన్నా తవ్వించినారా? మా తాత ఉప్పుటేట్లో బల్లెంతో పొడిసీవోడు. ఏ రూలూ నేదు."

ఆ రాడ్ తీసుకుని నా క్యాబిన్‌లో పెట్టుకున్నాను. ఆ రోజు నేను గెలిచాను, కాని జవాబు చెప్పి కాదు, సూపర్‌వైజర్‌ని కాబట్టి గెలిచాను. 'పట్టుకుంటే ఇంటికే' అన్నది బెదిరింపు. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. సముద్రానికి రూల్ ఎందుకు? ఎవరి కోసం? దాని కోసం చాలా రోజులు చదివాను, మ్యూజియంలకు పోయాను, వక్రాలో ముసలి పడవ మనుషులతో మాట్లాడాను. వాడికి ఇవ్వాల్సిన జవాబే ఈ వ్యాసం.

ఒక్క ఊపిరి

ఈ గల్ఫ్ సముద్రంలో మనిషి చేత్తో నీళ్ళలోకి దిగి తెచ్చుకున్న అతి పెద్ద సంపద చేప కాదు, ముత్యం. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాల దుకాణాల ముందు నడిచిన వాళ్ళు 'బస్రా ముత్యాలు' అన్న పేరు వినే ఉంటారు. అవి ఈ నీళ్ళలోవే. ఇక్కడి నుంచి బొంబాయి పోయి, అక్కడి నుంచి నిజాం కొలువు దాకా వచ్చేవి.

బ్రిటిష్ అధికారి జె.జి. లోరిమర్ 1900ల మొదట్లో గల్ఫ్ మొత్తం మీద పెద్ద గెజిటీర్ తయారుచేశాడు. దాని లెక్క ప్రకారం అరబ్బు తీరంలో ముత్యాల వేటకు పోయే పడవలు సుమారు 4,500, మనుషులు సుమారు 74,000. ఒక్క ఖతార్ నుంచే 800కు పైగా పడవలు, దాదాపు 13,000 మంది. అప్పుడు ఖతార్ జనాభా మొత్తం 27,000 అని అదే గెజిటీర్ చెబుతుంది. అంటే పిల్లాజెల్లా, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కలిపిన లెక్కలో సగానికి దగ్గరగా సముద్రం మీదే ఉండేవాళ్ళు.

పెద్ద సీజన్ ఎండాకాలంలో సుమారు నాలుగు నెలలు. నీళ్ళు వెచ్చగా ఉంటేనే మనిషి రోజంతా మునగగలడు కాబట్టి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అనుకోండి. మనకు ఇప్పుడు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయట పని ఆపాలని 2021 రూల్ ఉంది చూడండి, దాదాపు అవే నెలలు. మనల్ని నీడకు పొమ్మనే నెలల్లోనే వాళ్ళు పడవ చెక్కల మీద, ఉప్పు నీళ్ళలో కాలిపోయేవాళ్ళు.

దిగేవాడి దగ్గర ఉండే సామాను ఇంతే. ముక్కుకు తాబేలు చిప్పతోనో కొమ్ముతోనో చేసిన క్లిప్పు, దాని పేరు ఫితామ్. వేళ్ళకు తోలు తొడుగులు. మెడలో అల్లిన బుట్ట. కాలికి తాడుతో కట్టిన రాయి. రాయి బరువుకు కిందికి పోతాడు, చిప్పలు ఏరి బుట్టలో వేస్తాడు, ఊపిరి అయిపోతుందనగా తాడు గుంజుతాడు. పైన ఉన్న సైబ్ వాణ్ణి లాగుతాడు. ఒక్క మునక నిమిషం, మహా అయితే కొంచెం ఎక్కువ. ఇట్లా రోజుకు పదుల సార్లు.

ముత్యపు చిప్పలు ఉండే జాగాలు ఏ ఒక్క షేక్‌వీ కావు. ఈ తీరంలోని అరబ్బులందరికీ ఉమ్మడి. ఎవరైనా పోవచ్చు, కాని ఊపిరితోనే దిగాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటి వ్యాపారులు కొందరు డైవింగ్ సూట్లు తెస్తాం, ఇనుప టోపీ పెట్టి గాలి పైపుతో మనుషుల్ని దింపుతాం, అనుమతి ఇవ్వండి అని అడిగారు. ఇక్కడి షేక్‌లు ఒప్పుకోలేదు. అప్పట్లో సముద్రం మీద పెత్తనం చేసే బ్రిటిష్ వాళ్ళు కూడా, ఉన్న ఆచారాన్ని కదిలిస్తే తీరమంతా గొడవలవుతాయని, వేరే దేశాల వాళ్ళు లోపలికి వస్తారని అడ్డుపడ్డారు. మెషిన్‌తో దిగేవాడు గంటలు గంటలు అడుగునే ఉండి మొత్తం ఊడ్చేస్తాడు. ఊపిరితో దిగేవాడు ఎంత ఆశపడ్డా ఒక్క ఊపిరికి సరిపడినంతే తీసుకోగలడు. ఆ రూల్ చిప్పకు విశ్రాంతి ఇచ్చింది. కొన్ని వందల ఏళ్ళు తవ్వినా ఆ జాగాలు ఖాళీ కాలేదు.

మా తమ్ముడి ప్రశ్నకు ఇది మొదటి సగం జవాబు. ఈ సముద్రానికి రూల్ నిన్న మొన్న ఆఫీసులో పుట్టలేదు. చట్టం కాగితం రాకముందే, ఒక మనిషి ఒక ఊపిరిలో ఎంత తీసుకోగలడో అంతే తీసుకోవాలన్నది ఇక్కడ రూల్.

చిప్పను కాపాడింది, మనిషిని కాదు

ఇదంతా విని అబ్బా ఎంత మంచి రూలో అనుకోకండి. ఆ రూల్ ఖరీదు కట్టింది దిగిన మనిషి.

సీజన్ ముందు పడవ యజమాని నఖుదా కొంత అడ్వాన్స్ ఇచ్చేవాడు, ఇంటి దగ్గర తిండి కోసం. సీజన్ అయిపోయాక లెక్క చూస్తే చాలామందికి చేతికొచ్చేది ఏమీ ఉండదు, అప్పే మిగులుతుంది. ఆ అప్పుకు మళ్ళీ వచ్చే ఏడు అదే పడవ ఎక్కాలి. మనిషి చస్తే అప్పు కొడుకు మీద, తమ్ముడి మీద పడేది. చదవడం రానివాడి లెక్క ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా? ఏజెంటుకు లక్షన్నర కట్టి వచ్చినోళ్ళం, ఈ కథ మనకు కొత్త కాదు. దిగేవాళ్ళలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు కూడా చాలామంది. ఖతార్‌లో బానిసత్వం 1952లో రద్దయింది. దోహా ముషైరిబ్‌లో బిన్ జెల్మూద్ హౌస్ అని ఒక మ్యూజియం ఉంది, ఈ చరిత్రను దాచకుండా చూపిస్తుంది. 2015లో తెరిచారు. మెట్రో దిగితే పక్కనే. ఒక శుక్రవారం పోయి చూడండి.

పక్కనున్న బహ్రెయిన్‌లో 1920లలో ఒక సంస్కరణ తెచ్చారు. ప్రతి డైవర్‌కు తన సొంత లెక్కల పుస్తకం ఉండాలి, ఎంత అప్పు, ఎంత జమ అన్నది అందులో రాయాలి. వినడానికి చిన్నదే, కాని అదే పెద్ద మలుపు. ఆ తర్వాత వ్యాపారం కూలినప్పుడు అడ్వాన్సులు తగ్గించారని 1932లో అక్కడి డైవర్లు గొడవకు దిగారు కూడా. లెక్క కాగితం మీద ఉండాలన్న ఆ ఆలోచనే మన కాలంలో ఇంకో రూపంలో వచ్చింది. జీతం బ్యాంకులోనే పడాలన్న పద్ధతి ఖతార్‌లో 2015లో, కనీస జీతం 1,000 రియాల్స్ అన్నది 2021 మార్చిలో వచ్చాయి.

ముత్యాల వేటను చివరికి చంపింది డైవింగ్ సూట్ కాదు. జపాన్‌లో మికిమోటో 1893లో చిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాడు. 1920ల నాటికి పెంచిన ముత్యాలు బజారులో నిండిపోయాయి. 1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. ఖతార్‌లో ఊర్లకు ఊర్లు ఖాళీ అయ్యాయి. దుఖాన్‌లో 1939-40లో నూనె దొరికినా యుద్ధం వల్ల ఆగి, మొదటి ఓడ పోయింది 1949 చివర్లో. మధ్యలో పదేళ్ళు ఆకలి. ఇప్పుడు మనం వచ్చి పని చేస్తున్న దేశం, ఒకప్పుడు పని దొరక్క వలసపోయిన మనుషుల దేశం.

కళ్ళద్దాలు వచ్చాక

సరదాకు నీళ్ళలోకి దిగి చేపను పొడవడం అన్న ఆట గల్ఫ్‌లో పుట్టలేదు. పొట్ట కోసం ఈటెతో చేపను పొడవడం అన్ని దేశాల్లోనూ ఉంది, మా తమ్ముడి తాత లాగ. ఆటగా మారింది మాత్రం 1930లలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో. నీళ్ళు పోని కళ్ళద్దాలు, కాళ్ళకు రబ్బరు రెక్కలు వచ్చాయి. అక్కడే ఉంటున్న గై గిల్‌పాట్రిక్ అనే అమెరికన్ రచయిత ఈ ఆట మీద 1938లో పుస్తకం రాశాడు. అంతదాకా నీళ్ళలో కళ్ళు తెరిస్తే మసక, ఇప్పుడు చేప పొలుసు కూడా కనపడుతుంది. తర్వాత రబ్బరుతో, స్ప్రింగుతో, గాలి ఒత్తిడితో ఈటెను వదిలే గన్ వచ్చింది.

1943లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు వీపున సిలిండర్ పెట్టుకుని నీళ్ళలో ఊపిరి పీల్చే పరికరం చేశారు. ఒక్క ఊపిరి లెక్క అక్కడ తెగిపోయింది. ముప్పై ఏళ్ళ ముందు ముత్యాల షేక్‌లు దేన్ని వద్దన్నారో అదే ఇప్పుడు ఎవరైనా దుకాణంలో కొనుక్కోవచ్చు. సిలిండర్ ఉన్నవాడు రాళ్ళ సందులో దాక్కున్న చేప దగ్గరికి పోయి, తీరిగ్గా కూర్చుని, పెద్దదాన్ని చూసి పొడుస్తాడు.

ఫలితం కొన్నేళ్ళలోనే తెలిసింది. ఫ్రాన్స్ తీరంలో గ్రూపర్ జాతి పెద్ద చేపలు కనపడకుండా పోయాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అనే రాష్ట్రం ఉంది, సిడ్నీ అక్కడే. అక్కడ గ్రే నర్స్ అనే సొరచేప చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కాని మనిషి జోలికి రాదు. నరభక్షకి అనుకుని వీరులనిపించుకోవడానికి దాన్ని పొడిచి పొడిచి ఎక్కడా లేకుండా చేశారు. 1984లో అక్కడి ప్రభుత్వం దాన్ని రక్షిత జీవిగా ప్రకటించింది. చట్టం కాపాడిన మొదటి సొరచేప ప్రపంచంలో అదే. పసిఫిక్‌లోని అమెరికన్ సమోవాలో ఇంకో కథ. చిలక చేపలు రాత్రి పగడపు రాళ్ళ మధ్య నిద్రపోతాయి. సిలిండర్ కట్టుకుని, టార్చ్ పట్టుకుని పోయి నిద్రలో ఉన్నవాటిని కుప్పలుగా పొడిచేవాళ్ళు. 2001లో సిలిండర్‌తో చేపల వేటనే నిషేధించారు.

ఇప్పుడు ప్రపంచంలో చాలా దేశాల రూల్ ఒకటే చోటికి వచ్చింది. ఈటెతో వేట అనుమతించిన చోట కూడా సిలిండర్‌తో వద్దు, ఊపిరి బిగబట్టి దిగు, నీ ఊపిరికి అందింది తీసుకో. పంతొమ్మిదో శతాబ్దపు ముత్యాల షేక్‌లకు తెలిసిన మాటనే ప్రపంచం ఒక చుట్టు తిరిగొచ్చి మళ్ళీ నేర్చుకుంది.

పెద్ద చేపను పొడిస్తే ఏం పోయింది?

మా తమ్ముడు ఇక్కడ ఒక మంచి మాటే అన్నాడు. "వల ఏస్తే పిల్ల సేపలు కూడా సస్తాయన్నా. బల్లెంతో పొడిస్తే సూసుకుని ఒక్కదాన్నే పొడుస్తాం." నిజమే. ఈటె పట్టేవాళ్ళు ప్రపంచమంతా చెప్పే వాదన ఇదే, అందులో న్యాయం ఉంది. వల గుడ్డిది, ఈటెకు కళ్ళున్నాయి. కాని చిక్కంతా ఆ కళ్ళతోనే వచ్చింది. కళ్ళున్నవాడు ఎప్పుడూ పెద్దదాన్నే చూస్తాడు.

ఇక్కడ అందరూ ఇష్టంగా తినే హమూర్‌ను తీసుకోండి. ఆ జాతిలో ఒక వింత ఉంది. చేప మొదట ఆడగా పెరుగుతుంది. బాగా పెద్దయ్యాక వాటిలో కొన్ని మగగా మారతాయి. అంటే ఒక రాళ్ళ గుట్ట దగ్గర ఉన్న పెద్ద హమూర్‌లన్నీ పొడిచేస్తే అక్కడ మగవే మిగలవు, మిగిలిన ఆడవాటికి గుడ్లు ఉన్నా ఫలితం లేదు. కొత్త మగది తయారు కావాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా హమూర్ పారిపోయే చేప కాదు, తన రాతి సందులోనే ఉంటుంది. ఈ రోజు తప్పించుకున్నా రేపు అక్కడే దొరుకుతుంది.

గల్ఫ్ సముద్రం కూడా చిన్నది. సగటు లోతు సుమారు 35 మీటర్లే. ఎండాకాలంలో వేడెక్కిపోతుంది. 1996లో, 1998లో ఆ వేడికి ఇక్కడి పగడపు రాళ్ళు తెల్లబడి ఎక్కువ భాగం చచ్చిపోయాయి. చేప దాక్కునే ఇల్లే తగ్గిపోయిన చోట, ఉన్న కొద్ది గుట్టల మీద వేటగాళ్ళు పడితే ఏమవుతుందో ఆలోచించండి.

మరి రూల్ పెడితే చేప తిరిగొస్తుందా? వస్తుంది. ఫ్రాన్స్‌లో పోర్ట్-క్రో దీవి చుట్టూ 1963లో నేషనల్ పార్క్ పెట్టారు. 1993 నుంచి ప్రధాన తీరంలో గ్రూపర్‌ను ఈటెతో పొడవడం ఆపేశారు. ఇప్పుడు ఆ నీళ్ళలో పెద్ద గ్రూపర్‌లు మళ్ళీ మనుషుల పక్కనే ఈదుతున్నాయి. అది మన హమూర్‌కు దగ్గర చుట్టం, ఆడ నుంచి మగగా మారే గుణం దానికీ ఉంది.

ఖతార్ కాగితం ఏం చెబుతుంది

ఖతార్‌లో చేపల వేటకు మూల చట్టం 1983లో వచ్చిన 4వ నంబర్ చట్టం. నీటిలోని ప్రాణుల్ని వాడుకోవడం, కాపాడడం గురించిన చట్టం అది. వేటకు లైసెన్స్ పద్ధతి దాంట్లోనే ఉంది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం నేరం. ఏ సామానుతో పట్టొచ్చు, ఏ కాలంలో, ఏ చోట అన్నది మంత్రిత్వ శాఖ నిర్ణయాలతో ఎప్పటికప్పుడు చెబుతుంది.

ఈ దేశం పెద్ద సామానును కూడా ఆపింది. 1966లో ఖతార్ నేషనల్ ఫిషింగ్ కంపెనీ పెట్టి, రొయ్యల కోసం ట్రాలర్లు దింపారు. ట్రాల్ వల అంటే సముద్రం అడుగును దున్నుకుంటూ పోయేది. రొయ్య తగ్గింది, గడ్డి పాడైంది, 1990ల మొదట్లో ట్రాలింగ్ ఆపేశారు. అలాగే కనాద్, మన వంజరం చేప. గల్ఫ్ దేశాల ఉమ్మడి నిర్ణయం ప్రకారం ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా వలలతో దాన్ని పట్టడం నిషేధం, అది పిల్లల్ని పెట్టే కాలమని. ఆ రెండు నెలలు సూక్‌లో వంజరం ధర చూసినవాళ్ళకు ఈ రూల్ బాగా గుర్తుంటుంది.

ఈటె సంగతికొస్తే, మనలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. స్పియర్ గన్ చూసేవాడికి ఆయుధంలాగే కనపడుతుంది. ఇంటి నుంచి సామానులో తెచ్చుకోవడం గాని, ఇక్కడ చేసుకోవడం గాని, అనుమతి ఉందో లేదో అడగకుండా చేయకండి. చేపల వ్యవహారాలు మున్సిపాలిటీ మంత్రిత్వ శాఖ చూస్తుంది, తీరం మీద కాపలా హోం శాఖ కింద ఉన్న కోస్ట్ గార్డ్‌ది. ఫోన్ చేస్తే చెబుతారు. రక్షిత ప్రాంతాలు ఉన్నాయి, దక్షిణాన ఖోర్ అల్ అదైద్ లాంటివి. అక్కడ ఒడ్డున గవ్వ ఏరే ముందు కూడా ఆలోచించాలి. ఇక్కడి నీళ్ళలో సముద్రపు ఆవు అనే డుగాంగ్ మందలుగా ఉంటుంది, ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువ ఉన్నది ఈ గల్ఫ్‌లోనే. దాన్ని ముట్టుకుంటే మామూలు కేసు కాదు.

ఇంకో మాట సూపర్‌వైజర్‌గా చెబుతున్నాను. ఊపిరి బిగబట్టి దిగేవాడు పైకి వచ్చే చివరి క్షణంలో స్పృహ తప్పుతాడు. నొప్పి తెలియదు, అరుపు ఉండదు. ముత్యాల వాడికి పైన తాడు పట్టుకున్న సైబ్ ఉండేవాడు. మన పిల్లలకు పైన ఎవరున్నారు? ఒడ్డున ఫోన్ చూసుకునే రూమ్మేట్. సైట్‌లో ఒంటరిగా గుంతలో దిగనివ్వం కదా, సముద్రం గుంత కాదా?

మన దగ్గర రూల్ లేదా?

"మా తాతకు రూల్ నేదు" అన్నాడు కదా తమ్ముడు. తాతకు లేకపోవచ్చు, కాని వాడి నాన్నకు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలు సముద్రంలోకి పోకూడదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్లు తెడ్ల పడవలవాళ్ళకే అన్న పద్ధతి దాని కిందదే. రూల్ ఉన్నా గొడవలు ఆగలేదు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యే గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి. పెద్ద వలవాడు దగ్గరికొచ్చి మొత్తం ఊడ్చేస్తున్నాడని చిన్న వలవాడి బాధ. డైవింగ్ సూట్ వద్దన్న గల్ఫ్ డైవర్ బాధ, విశాఖ జాలరి బాధ ఒకటే.

కాని ఒక తేడా ఉంది. మన దగ్గర ఆ 61 రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో 4,000 నుంచి 10,000 రూపాయలు చేశారు, 2025లో 20,000 చేశారు. సరిపోతుందా అంటే సరిపోదని ఆ ఇళ్ళవాళ్ళే చెబుతారు. అయినా చేపను కాపాడే రూల్ పెట్టినప్పుడు మనిషి కడుపు లెక్క కూడా చూడాలన్న ఒప్పుకోలు అందులో ఉంది. ముత్యాల కాలంలో లేనిది అదే. అక్కడ చిప్పకు విశ్రాంతి దొరికింది, దిగినవాడికి అప్పు దొరికింది.

ఇదంతా చదివాక ఒక రాత్రి తమ్ముణ్ణి పిలిచి చెప్పాను. సైట్‌లో ప్రతి సేఫ్టీ రూల్ వెనక ఎవడో ఒకడు పడిపోయిన చోటు ఉంటుంది. సముద్రంలో కూడా అంతే. ట్రాల్ వద్దన్న రూల్ వెనక పాడైన గడ్డి ఉంది, సిలిండర్ వద్దన్న రూల్ వెనక మాయమైన చేప ఉంది. రూల్ అంటే ఆఫీసువాడి కోపం కాదు, ఎప్పుడో జరిగిన నష్టం లెక్క. అయితే ఆ లెక్కలో మనిషి ఉన్నాడా లేడా అని అడిగే హక్కు మనకుంది. ముందు రూల్ పాటించు, తర్వాత ఆ ప్రశ్న అడుగు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నాడు, "మా నానకి ఈ యేడు ఇరవై ఏలు పడ్డాయన్నా. అయి ఎందుకు ఇస్తన్నారో నాకిప్పుడు తెలిసింది. ఆయనకి ఫోన్ సేసి సెప్తాను." తర్వాత కొంచెం ఆగి, "మరి నా బల్లెం?" అన్నాడు.

తిరిగిచ్చేశాను. సోమవారం వాడే దాని ముల్లు కోసేసి, రెండు ముక్కలు చేసి, బ్లాక్ వర్క్ దగ్గర దారం కట్టడానికి నేలలో కొట్టాడు. ఇప్పుడు మా గోడ లైన్ ఆ రాడ్ మీదే పోతోంది. శుక్రవారాలు ఇద్దరం వక్రా పోతాం. చేపలు పట్టేవాళ్ళను చూస్తాం, సూక్‌లో చిన్న షరీ చేప ఒకటి కొనుక్కుని రూమ్‌లో పులుసు పెట్టుకుంటాం. వాడు చింతపండు ఎక్కువ వేస్తాడు, నేను కారం ఎక్కువ వేస్తాను. ఆ గొడవకు మాత్రం ఇంకా రూల్ రాలేదు.